మత్తు దిగినా మాట్లాడని బిడ్డ

గంజాయి గురించి మేము రాసిన వ్యాసం చదివి ఒక తల్లి మాకు ఉత్తరం రాశారు. ఊరూ పేరూ ఇక్కడ చెప్పడం లేదు, కొన్ని వివరాలు మార్చాము కూడా. ఆమె కుమారుడు అమెరికాలో ఎం.ఎస్. చదువుతున్నాడు. స్నేహితుల గదిలో ఒక శనివారం రాత్రి ‘మ్యాజిక్ మష్రూమ్స్’ అని పిలిచే పుట్టగొడుగులు తిన్నాడు. ఆ రాత్రి చచ్చిపోతున్నానని, పిచ్చెక్కిపోతోందని విపరీతంగా భయపడ్డాడు. తెల్లవారేసరికి అంతా తగ్గింది. రెండు నెలల తరువాత సెలవులకు ఇంటికి వచ్చాడు. ఆ సంగతి తల్లికి చెప్పింది అతను కాదు, గదిలో ఉన్న స్నేహితుడు.

“వాడు అన్నం తింటున్నాడు, ఆదివారం మందిరానికి కూడా వస్తున్నాడు. కానీ గది దాటి బయటికి రాడు. మావాడు చిన్నప్పటి నుంచీ మాటకారి కాదండీ. ఇప్పుడు ఈ మౌనం వాడి స్వభావమా, జబ్బా? నలుగురిలోకి తీసుకువెళ్లమంటారా, వాడి మానాన వాణ్ణి వదిలేయమంటారా?” అని ఆమె అడిగారు.

ఈ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పలేము. ఇలాంటి అనుభవం నుంచి తేరుకోవడంలో మందు ఎంత తీసుకున్నాడన్నది ఎంత ముఖ్యమో, తీసుకున్న మనిషి ఎలాంటివాడన్నదీ అంత ముఖ్యం. మన ఇళ్లలో ఆ రెండవ సంగతి ఎవరూ పట్టించుకోరు. అందుకే దీన్ని కాస్త వివరంగా రాస్తున్నాము. మా పిల్లలు అలాంటివారు కారు అనుకునే పాఠకులు కూడా దయచేసి చదవండి. 2017లో హైదరాబాదులో ఆబ్కారీ శాఖ ఎల్‌ఎస్‌డి అమ్మేవారిని పట్టుకున్నప్పుడు, కొనేవారిలో బడి పిల్లలు కూడా ఉన్నారని అధికారులు చెప్పారు. మంచి బడులలో, మంచి ఇళ్లలో పెరుగుతున్న పిల్లలే.

ఈ పదార్థాలు చేసే పని

సారా, గంజాయి, నల్లమందు మనకు తెలిసిన మత్తులు. ఎల్‌ఎస్‌డి, పుట్టగొడుగులలోని సైలోసైబిన్ వేరే జాతికి చెందినవి. వీటిని భ్రాంతి కలిగించే మందులు అంటాము. మెదడులో సెరోటోనిన్ అనే రసాయనం పనిచేసే కొన్ని ద్వారాలు ఉంటాయి. ఈ పదార్థాలు వెళ్లి వాటిని తట్టి లేపుతాయి. మామూలుగా మన మెదడు చూసిన ప్రతిదాన్నీ, విన్న ప్రతిదాన్నీ లోపలికి రానివ్వదు, అవసరమైనదే జల్లెడ పట్టి ఇస్తుంది. ఆ జల్లెడ కొన్ని గంటలపాటు సడలిపోతుంది. రంగులు కదులుతాయి, గోడలు ఊపిరి తీసుకుంటున్నట్టు కనబడతాయి, కాలం ఆగిపోతుంది, ‘నేను’ అనే హద్దు చెరిగిపోతుంది. పుట్టగొడుగుల ప్రభావం సుమారు 4 నుంచి 6 గంటలు, ఎల్‌ఎస్‌డి ప్రభావం 8 నుంచి 12 గంటలు ఉంటుంది.

ఎల్‌ఎస్‌డిని 1938లో స్విట్జర్లాండులోని బాసెల్ నగరంలో ఆల్బర్ట్ హాఫ్‌మన్ అనే రసాయన శాస్త్రవేత్త తయారుచేశారు. అది మనసు మీద పనిచేస్తుందని ఆయనకు తెలిసింది మాత్రం ఐదేళ్ల తరువాత. 1943 ఏప్రిల్ 19న ఆయన కావాలనే ఒక మిల్లీగ్రాములో నాలుగో వంతు తీసుకున్నారు. యుద్ధకాలం కాబట్టి కారు దొరకలేదు, సైకిలు మీద ఇంటికి వెళ్లారు. విషానికి విరుగుడుగా పాలు అడిగితే పక్కింటావిడ తెచ్చి ఇచ్చింది. ఆమె ఆయన కంటికి మంత్రగత్తెలా కనిపించింది! తనకు మతి పోయిందనీ, భార్యాబిడ్డలను మళ్లీ చూడననీ వణికిపోయారు. డాక్టరు వచ్చి చూస్తే కంటిపాపలు పెద్దవి కావడం తప్ప శరీరంలో ఏ తేడా లేదు. డాక్టరు పక్కన ఉండగా భయం క్రమంగా తగ్గింది, తెల్లవారి లేచేసరికి మనసు తేటపడింది. ఆ మాత్రం శాస్త్రజ్ఞానం ఉన్న మనిషికే అంత భయం కలిగితే, ఏం తింటున్నాడో తెలియని ఇరవై ఏళ్ల పిల్లవాడి సంగతి వేరే చెప్పాలా?

ఈ పదార్థాల అసలు లక్షణం ఒకటి ఉంది. లోపల ఏముంటే దాన్ని పెద్దది చేసి చూపిస్తాయి. తీసుకునేనాటి మనఃస్థితి, చుట్టూ ఉన్న చోటు, పక్కనున్న మనుషులు, వీటిని బట్టి ఒకే మోతాదు ఒకరికి ఆనందం, మరొకరికి నరకం అవుతుంది. అలవాటుగా మారే గుణం సారాకున్నంత వీటికి లేదన్నది నిజమే. అంతమాత్రాన ప్రమాదం లేదనుకోకూడదు. రక్తసంబంధీకులలో స్కిజోఫ్రెనియా గానీ, ఉన్మాదం–కుంగుబాటు ఒకదాని తరువాత ఒకటి వచ్చే బైపోలార్ జబ్బు గానీ ఉన్నవారిలో ఇవి అసలు జబ్బునే బయటికి తేవచ్చు. అందుకే విదేశాల్లో వీటి మీద పరిశోధన చేసేవారు అలాంటి కుటుంబాల వారిని చేర్చుకోరు. పైగా ఎల్‌ఎస్‌డి అని అమ్మే కాగితపు ముక్కల మీద ఎన్‌బోమ్ అనే వేరే రసాయనం పూసి అమ్మడం వల్ల ప్రాణాలు పోయిన సంఘటనలు చాలా దేశాల్లో ఉన్నాయి. మన దేశంలో ఎల్‌ఎస్‌డి, సైలోసైబిన్ రెండూ 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కింద నిషిద్ధం.

(మన పొలం గట్ల మీది ఉమ్మెత్త వేరు. అది భ్రాంతి కలిగించినా ఈ జాతిది కాదు. నోరెండి, ఒళ్లు కాలి, మనిషిని గుర్తుపట్టలేని స్థితికి తెచ్చే విషం. ఉమ్మెత్త గింజలు తిన్నవారిని క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకురండి. ఇంట్లో కూర్చోబెట్టి ధైర్యం చెప్పే వ్యవహారం కాదు అది.)

శుభ శుక్రవారం నాడు జరిగిన ఒక ప్రయోగం

విశ్వాసులైన మన పాఠకులకు ఈ కథ ప్రత్యేకంగా చెప్పాలి. 1962 ఏప్రిల్ 20, శుభ శుక్రవారం. అమెరికాలోని బోస్టన్ విశ్వవిద్యాలయపు మార్ష్ చాపెల్‌లో ఆరాధన జరుగుతోంది. వాక్యం చెబుతున్నవారు హోవర్డ్ థర్మన్ గారు. మన దేశానికి వచ్చి 1936లో గాంధీగారిని కలిసి మాట్లాడిన నల్లజాతి దైవసేవకుడు ఆయన. అదే చాపెల్ కింది అంతస్తులో ఇరవైమంది వేదాంత విద్యార్థులు కూర్చుని మైకులో ఆ ఆరాధన వింటున్నారు. వాల్టర్ పాంకే అనే వైద్యుడు వారిలో పదిమందికి సైలోసైబిన్, మిగతా పదిమందికి ఒళ్లు వెచ్చగా అనిపించే ఒక విటమిన్ మాత్ర ఇచ్చాడు. ఎవరికి ఏది ఇచ్చారో ముందుగా చెప్పలేదు.

సైలోసైబిన్ తీసుకున్నవారిలో ఎక్కువమంది గాఢమైన ఆధ్యాత్మిక అనుభవం కలిగిందన్నారు. ఆ మాటే లోకమంతా పాకింది. 1991లో రిక్ డాబ్లిన్ అనే పరిశోధకుడు ఆనాటి విద్యార్థులను వెతికి పట్టుకుని మాట్లాడి ఇంకొక సంగతి బయటపెట్టాడు. వారిలో చాలామందికి ఆ రోజు మధ్యలో చావుభయం, పిచ్చిభయం లాంటివి కూడా కలిగాయి. ఒక విద్యార్థి అయితే లోకానికి సువార్త ప్రకటించడానికి తనను ఎన్నుకున్నారని నమ్మి వీధిలోకి వెళ్లిపోయాడు. అతన్ని వెనక్కి తెచ్చి, శాంతింపజేయడానికి క్లోర్‌ప్రొమజీన్ ఇంజెక్షన్ ఇవ్వవలసి వచ్చింది. పాంకే తన పరిశోధన గ్రంథంలో ఈ ఇంజెక్షన్ సంగతి రాయలేదు.

ఒకే చాపెల్, ఒకే వాక్యం, ఒకే మందు, ఒకే చదువు చదివిన యువకులు. అయినా ఒకడు మౌనంగా కళ్లు మూసుకున్నాడు, ఒకడు వీధిన పడ్డాడు. ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చింది?

నెమ్మది వేరు, బెదురు వేరు

స్వభావం గురించి ఒక అపోహ తొలగించాలి. అంతర్ముఖులు, బహిర్ముఖులు అనే విభజనను 1921లో కార్ల్ యూంగ్ అనే స్విస్ వైద్యుడు ప్రచారంలోకి తెచ్చాడు. అంతర్ముఖుడంటే జబ్బు మనిషి కాదు, పిరికివాడు కాదు, గర్విష్ఠి అసలే కాదు. నలుగురిలో రెండు గంటలు గడిపితే అలసిపోయి, ఒంటరిగా ఒక గంట ఉంటే మళ్లీ శక్తి పుంజుకునేవాడు. బహిర్ముఖుడికి దీనికి పూర్తిగా విరుద్ధం, వాణ్ణి ఒంటరిగా ఉంచితేనే వాడిపోతాడు.

దీనికి సంబంధం లేని కొలత ఇంకొకటి ఉంది. చిన్న విషయానికే ఆందోళనపడటం, మనసు నొచ్చుకుంటే త్వరగా కోలుకోలేకపోవడం, జరిగినదాన్నే పదే పదే తలచుకోవడం. దీన్ని బెదురు స్వభావం అందాము. నెమ్మదస్తులలో బెదురు లేనివారు బోలెడంతమంది ఉన్నారు. గలగల మాట్లాడుతూనే లోపల వణికిపోయేవారూ ఉన్నారు. హాన్స్ ఐసెంక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఈ రెండింటినీ వేర్వేరు కొలబద్దలుగా చూపించాడు. మనం మాత్రం ఇప్పటికీ రెండింటినీ కలిపేసి, మాట్లాడని పిల్లవాణ్ణి ‘భయస్థుడు’ అంటూ ఉంటాము.

పుట్టగొడుగులు తిన్నవారి మీద 2017లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో, భయానక అనుభవాలతో ముడిపడి కనిపించినది బెదురు స్వభావమే. మనిషి అంతర్ముఖుడైనంత మాత్రాన ఆ రాత్రి అతనికి నరకం కాదు. నెమ్మదితనం ప్రభావం ఎక్కువగా కనిపించేది ఆ రాత్రి తరువాత వచ్చే వారాలలో, నెలలలో అని మా అనుభవం.

ఆ ‘తరువాత’ ఎంత పొడుగో కొన్ని అంకెలు చెబుతాము. 2016లో జాన్స్ హాప్‌కిన్స్ పరిశోధకులు పుట్టగొడుగులతో చెడు అనుభవం కలిగిన 1,993 మందిని ప్రశ్నించారు. వందలో 39 మంది, తమ జీవితంలోనే అతి కష్టమైన ఐదు అనుభవాలలో అది ఒకటన్నారు. వందలో 11 మంది ఆ సమయంలో తమను గానీ ఇతరులను గానీ ప్రమాదంలో పెట్టారు. సంఘటన జరిగి ఏడాది దాటినవారిలో వందకు ఏడెనిమిది మంది తగ్గని మానసిక బాధలకు వైద్యం కోరవలసి వచ్చింది. అదే అధ్యయనంలో వందకు 84 మంది చివరికి ఏదో మేలు కలిగిందని చెప్పారని కూడా దాచకుండా రాస్తున్నాము, ఎందుకంటే మీ పిల్లలు ఆ వాక్యం ఎలాగూ చదివే ఉంటారు. 2023లో వెలువడిన మరొక అధ్యయనం, ఇలాంటి మందుల తరువాత చాలాకాలం బాధపడిన 608 మందిని గురించినది. వారిలో సుమారు మూడో వంతు మందికి బాధ ఏడాదికి మించి, ఆరో వంతు మందికి మూడేళ్లకు మించి సాగింది. నిద్రలేమి, ఆందోళన, లోకం నిజం కాదేమోనన్న అనుమానం, తాను తాను కాదన్నట్టు అనిపించడం, మనుషులకు దూరం కావడం, ఇలాంటివి. మొదట్లో చెప్పిన తల్లి ఉత్తరంలో ఉన్నది ఇదే బాధ.

మేము చేసిన పొరపాటు

కొన్నేళ్ల కిందట ఇలాగే ఎల్‌ఎస్‌డి తీసుకుని బెదిరిపోయిన ఒక కాలేజీ కుర్రవాడు మా దగ్గరికి వచ్చాడు. అడిగినదానికి జవాబు చెప్పేవాడు, అడగకపోతే మాట్లాడేవాడు కాదు. మేము అతన్ని మద్యం మానేవారి కోసం జరిపే గుంపు కూడికలో కూర్చోబెట్టాము. రెండవ రోజే అతని వంతు వచ్చింది, “నీ కథ చెప్పు బాబూ” అన్నాము. ఇరవైమంది కళ్లు అతని మీద. నాలుగు మాటలు చెప్పి ఆగిపోయాడు. మరునాడు రాలేదు. మూడు వారాల తరువాత తండ్రి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేసరికి, నిద్ర పట్టడానికని గంజాయి మొదలుపెట్టాడు. తాగుబోతు సోదరులకు ఎంతో మేలు చేసిన పద్ధతి అతనికి కీడు చేసింది. అతనికి కావలసింది ఒక గది, ఒక మనిషి, తొందరలేని ఒక గంట. ఆ మాత్రం మేము ముందే గ్రహించవలసింది.

దానికి ఎదురు పొరపాటు ఒక కుటుంబంలో చూశాము. వారి అబ్బాయీ నెమ్మదస్తుడే. బెంగళూరులో ఏదో కాగితం నాలుక మీద పెట్టుకున్నాక గదిలో తలుపు వేసుకుని ఉండసాగాడు. “మావాడి తీరే అంతండీ” అని నాలుగు నెలలు ఊరుకున్నారు. తలుపు వెనుక అతను కిటికీకి కాగితాలు అంటించి, ఫోను సిమ్ తీసేసి, తనను ఎవరో గమనిస్తున్నారని రాత్రంతా మేలుకుంటున్నాడు. నెమ్మదస్తుల ఇళ్లలో ఉండే అసలు ప్రమాదం ఇదే. వాగుడుకాయ నోరు మూసుకుంటే ఆ పూటే ఇల్లంతా కంగారుపడుతుంది. మౌని ఇంకాస్త మౌనమైతే ఎవరికీ కనబడదు.

కాబట్టి బిడ్డను వాడి అన్నతోనో, పక్కింటి పిల్లవాడితోనో పోల్చవద్దు. ఆరు నెలల కిందటి వాడితోనే పోల్చండి. ఒంటరిగా ఉన్నాడా అన్నది కాదు ప్రశ్న, ఆ ఒంటరితనంలో ఏం చేస్తున్నాడన్నది. ముందు ఒంటరిగా చదువుకునేవాడు, బొమ్మలు వేసేవాడు, పాటలు వినేవాడు ఇప్పుడూ అవి చేస్తుంటే చాలావరకు అది విశ్రాంతి. పుస్తకం తెరవకుండా గోడ చూస్తూ ఉంటే అది వేరే. ఎంత నెమ్మదస్తుడికైనా ప్రాణమిచ్చే స్నేహితుడు ఒకడో ఇద్దరో ఉంటారు. వారితో కూడా మాట మానేశాడా? నిద్ర ఎలా ఉంది? స్నానం, తిండి, బట్టల మీద శ్రద్ధ తగ్గిందా? ఒంటరిగా ఉండి బయటికి వచ్చినప్పుడు తేటగా ఉన్నాడా, ఇంకా అలసిపోయి ఉన్నాడా? తల్లి కన్ను వీటన్నిటినీ పట్టుకోగలదు, స్వభావమే అని సర్దిచెప్పుకోకుండా ఉంటే.

ఇంట్లో చేయవలసినవి

మొదట నిద్ర. మొదటి రెండు మూడు వారాలు వేళకు నిద్ర, వేళకు అన్నం, గంజాయికీ మద్యానికీ పూర్తిగా దూరం. కొందరికి వస్తువు కదిలితే వెనుక గీతలా కనబడటం, దీపాల చుట్టూ వలయాలు, చూసి తిప్పుకున్నాక కూడా ఆ రూపం కంటిముందు నిలవడం ఉంటుంది. మెదడు చెడిపోయిందని హడలిపోతారు. చాలామందిలో అది క్రమంగా తగ్గుతుంది. నిద్ర చెడినా, గంజాయి తాకినా మళ్లీ పెరుగుతుంది. ఈ మాట ముందుగా చెబితే సగం భయం అక్కడే పోతుంది. టీ, కాఫీలు సాయంత్రం తరువాత ఆపండి.

ఏలీయా సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. చావే మేలనుకుని బదరీ వృక్షము కింద పడుకున్న ఆ ప్రవక్తను దూత వెంటనే ప్రశ్నలు అడగలేదు. లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. అతను తిని మళ్లీ నిద్రపోయాడు. ఇంకొకసారి లేపి ఇంకొకసారి పెట్టాడు. “ఇక్కడేం చేస్తున్నావు” అన్న ప్రశ్న చాలా రోజుల తరువాత, కొండ దగ్గర వచ్చింది. మా నర్సులకు శిక్షణ ఇచ్చేటప్పుడు ఈ వరుసనే చెబుతాము.

అంతర్ముఖుడికి మాటల కన్నా పక్కన కూర్చోవడం ఎక్కువ. ఎదురుగా కూర్చుని “ఏమైంది చెప్పు, చెప్పు” అంటే తలుపు ఇంకా గట్టిగా మూసుకుంటుంది. కలిసి నడవండి, స్కూటరు కడగమనండి, చిక్కుడు కాయలు ఈనెలు తీసే పని చేతికివ్వండి. చేతులు పనిలో ఉండి, కళ్లు ఎదురుపడనప్పుడు ఇలాంటి పిల్లలు మాట్లాడటం మేము ఎన్నోసార్లు చూశాము. మాట్లాడినప్పుడు మధ్యలో అందుకోకండి. ఆగినప్పుడు ఆ ఖాళీని నింపకండి. రాసుకోవడం ఇష్టమైతే ఒక నోటు పుస్తకం ఇవ్వండి, దాన్ని మీరు చదవకండి. ఈ చివరిది తల్లులకు కష్టమని తెలుసు, అయినా చదవకండి.

ఇలా బాధపడినవారు ఏం చేసి తేరుకున్నారో అడిగిన పరిశోధనలో, ఎక్కువమంది చెప్పినవి ధ్యానం, ప్రార్థన, ఆ అనుభవం గురించి చదివి తెలుసుకోవడం, రాసుకోవడం. ఇవన్నీ ఒంటరిగా చేసేవే. ఆ తరువాతే స్నేహితుడితోనో, కుటుంబంతోనో, వైద్యుడితోనో చెప్పుకోవడం. కాబట్టి మీ అబ్బాయి ఒంటరిగా కోలుకునే ప్రయత్నం చేస్తే అది తప్పు దారి కాదు, దాని పక్కనే ఒక్క మనిషి ఉంటే చాలు. ఆ మనిషి తండ్రే కానక్కరలేదు. బాబాయో, పెద్దమ్మ కూతురో, చిన్నప్పటి లెక్కల మాస్టారో కావచ్చు.

బహిర్ముఖుల కష్టం ఇంకొక రకం. కనబడిన ప్రతివాడికీ చెప్పేస్తారు, ఆఫీసులో చెబుతారు, తరువాత ఆ మాటలు వెనక్కి తీసుకోలేక సిగ్గుతో కుమిలిపోతారు. లేదా ఏదో వెలుగు దొరికిందని ఉద్యోగం మానేస్తామంటారు, ఉన్న పొలం అమ్మేస్తామంటారు. వారికి మనుషులు కావాలి, కానీ కొద్దిమందే. పెద్ద నిర్ణయాలు ఆరు నెలలు వాయిదా వేయించండి. నిద్ర అవసరమే లేనట్టు, అలుపులేకుండా వారం రోజులుగా మాట్లాడుతూనే ఉంటే అది ఉత్సాహం కాదు, ఉన్మాదపు లక్షణం కావచ్చు. వెంటనే తీసుకురండి.

సంఘ పెద్దలకు ఒక మనవి

ఇలాంటి పిల్లవాడు మీ దగ్గరికి వచ్చినప్పుడు రెండు రకాల మాటలు వినబడతాయి. ఒకడు “నేను దేవుణ్ణి చూశాను” అంటాడు. ఇంకొకడు “నాలో ఏదో దూరింది” అంటాడు. మొదటివాణ్ణి వచ్చే ఆదివారమే సాక్ష్యం చెప్పమని వేదిక ఎక్కించకండి. రెండవవాణ్ణి గుంపు మధ్యలో కూర్చోబెట్టి గట్టిగా కేకలు వేస్తూ ప్రార్థించకండి. నెమ్మది స్వభావం గలవాడికి ఈ రెండూ గాయాలే. అది దైవదర్శనమా కాదా అన్న తీర్పు ఆ వారమే చెప్పవలసిన అవసరం ఏమీ లేదు. పాస్టరు గారు ఒక్కరే ఇంటికి వెళ్లి, మెల్లగా ప్రార్థించి, టీ తాగి వస్తే చాలు. మళ్లీ వారం మళ్లీ వెళ్లండి. మందులు వాడుతుంటే విశ్వాసం తక్కువైందని మాత్రం అనకండి. మీ మాట విని మాత్రలు ఆపేసి మా దగ్గరికి వచ్చినవారిని చూసి బాధతో ఇది రాస్తున్నాము.

వైద్యం ఎప్పుడు

మందు ప్రభావంలో ఉండగా చూస్తే: వెలుతురు, శబ్దం తగ్గించండి, ఒక్కరే దగ్గర ఉండండి, “ఇది మందు వల్ల, కొన్ని గంటల్లో తగ్గుతుంది, నేను ఇక్కడే ఉన్నాను” అని నిదానంగా చెబుతూ ఉండండి. కట్టివేయకండి, నిమ్మరసం, మజ్జిగ బలవంతంగా పోయకండి. జ్వరం, మూర్ఛ, ఛాతీ నొప్పి, స్పృహ తప్పడం, తనకో ఇతరులకో హాని చేయబోవడం, వీటిలో ఏది ఉన్నా 108కి ఫోను చేయండి. ఆసుపత్రిలో సాధారణంగా లోరజెపామ్ వంటి మందుతో, నిశ్శబ్దమైన గదితో సర్దుకుంటుంది. డాక్టరు దగ్గర ఏం తీసుకున్నాడో దాచకండి. ముఖ్యంగా లిథియం వాడేవారు ఇలాంటివి తీసుకుంటే మూర్ఛలు వచ్చిన సందర్భాలున్నాయి.

తరువాతి రోజుల్లో అయితే: ఒక రోజు గడిచినా భ్రాంతి తగ్గకపోవడం, లేని గొంతులు వినబడటం, ఎవరో వెంటాడుతున్నారనడం, వరుసగా నిద్రలేని రాత్రులు, చచ్చిపోవాలని ఉందనడం. వీటికి ఎదురుచూడటం పనికిరాదు. టెలి మానస్ నంబరు 14416కు పగలూ రాత్రీ ఎప్పుడైనా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఎదుటి మనిషి ముఖం చూసి చెప్పలేని పిల్లలకు ఫోనులో చెప్పడం తేలికవుతుంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం రోగి వివరాలు గోప్యంగా ఉంచడం వైద్యుని బాధ్యత. పోలీసులు, పరువు అనే రెండు భయాలతో ఆలస్యం చేసేవారికి ఈ సంగతి చెప్పండి.

ఇక ఆ తల్లికి మేమేం రాశామో చెబుతాము. ఆమెను మూడు ప్రశ్నలు అడిగాము: నిద్ర ఎలా ఉంది, ఆ స్నేహితుడి ఫోను ఎత్తుతున్నాడా, ఒంటరిగా ఉన్నప్పుడు ఇదివరకు ఏం చేసేవాడు? పది రోజులకు జవాబు వచ్చింది. నిద్ర తెల్లవారుజామున పడుతోంది. స్నేహితుడు నాలుగుసార్లు చేసినా ఎత్తలేదు. “వాడు మందిరంలో కీబోర్డు వాయించేవాడండీ. ఇంట్లోనూ చెవులకు పెట్టుకుని గంటల తరబడి సాధన చేసేవాడు. వచ్చినప్పటి నుంచి దాని మీద గుడ్డ తియ్యలేదు.”

ఇది స్వభావం కాదమ్మా, తీసుకురండి అని రాశాము. వచ్చాడు. మొదటి రోజు డాక్టరుతో నలభై నిమిషాలలో పది వాక్యాలు మాట్లాడాడు. అందులో ఒకటి, “కళ్లు మూసుకుంటే ఆ రాత్రి మళ్లీ మొదలవుతుందేమోనని భయం” అని. కుంగుబాటు, ఆందోళన రెండూ ఉన్నాయి. అసలు మతి చెడిన లక్షణాలు లేవు. మందు మొదలుపెట్టి, వారానికొకసారి ఒక్కణ్ణే కూర్చోబెట్టి మాట్లాడుతున్నాము. అమెరికా ప్రయాణం ఒక సెమిస్టరు వాయిదా వేసుకున్నాడు. ఆరవ వారం వచ్చినప్పుడు తల్లి బయట వరండాలో మా నర్సుతో, ముందు రోజు రాత్రి కీబోర్డు మీద గుడ్డ తీసి కనబడిందనీ, వాయించాడో లేదో తెలియదనీ, తాను మాత్రం అడగలేదనీ చెప్పారు.